డేరాలు కుట్టిన చేతులతోనే

నేటి పఠనం: అపొస్తలుల కార్యములు 18:1-5, 20:33-35

కొరింథు చేరిన పౌలు ముందుగా చూసుకున్నది పని. రోమా విడిచి వెళ్లిపొమ్మన్న చక్రవర్తి ఆజ్ఞతో వచ్చిన అకుల, ప్రిస్కిల్ల దంపతులు అక్కడ డేరాలు కుట్టుకుని బతుకుతున్నారు. పౌలుకూ అదే విద్య వచ్చు. వాళ్లింట్లోనే దిగాడు, వాళ్లతో కలిసి కుట్టాడు. విశ్రాంతిదినం వస్తే సమాజమందిరానికి వెళ్లి మాట్లాడాడు. మాసిదోనియ నుంచి సీల, తిమోతి వచ్చాకే వాక్యం చెప్పే పనిలో పూర్తిగా మునిగాడు.

ఈ వచనాల మీదుగా మనం గబగబా వెళ్లిపోతాం. ప్రసంగాల్లో కూడా ఇవి పెద్దగా వినపడవు. అసలు సేవ తర్వాత మొదలైందనీ, అంతదాకా పౌలు ఏదో పొట్టపోసుకున్నాడనీ మన లెక్క. లూకా మాత్రం ఆ కుట్టుపని రోజులను సేవ ఆగిపోయిన రోజులుగా రాయలేదు.

అరకు, డుంబ్రిగుడ, అనంతగిరి, హుకుంపేట వైపు మన సంఘాల్లో ఉద్యోగస్తులు చాలామంది ఉన్నారు. ఆశ్రమ పాఠశాలలో టీచరు, సచివాలయంలో ఉద్యోగి, పల్లెపల్లెకూ నడిచే ఏఎన్ఎం, బ్యాంకులో గుమాస్తా. వీళ్లలో ఒకరి సంచిలో నోటుపుస్తకం ఉంటుంది. అందులో పిల్లల కోసం రాసిన కథ ఒకటి ఉంటుంది. నాయనమ్మ కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో చెప్పిన కథ కావచ్చు, బడిలో పిల్లలు నవ్విన నవ్వులోంచి పుట్టిన కథ కావచ్చు. బొమ్మలు వేయించాలి, అచ్చు వేయించాలి, పిల్లల చేతికి ఇవ్వాలి. పెద్ద ప్రచురణకర్తలెవరూ పరిచయం లేరు. జీతంలోంచే తీయాలి, రాత్రిళ్లే కూర్చోవాలి. వీళ్ల నోట తరచూ వచ్చే మాట ఒక్కటే: ‘ఈ ఉద్యోగం లేకుండా ఉంటే ఎంత పని చేసేవాణ్ణో!’

ఈ మాటను దేవుని సన్నిధిలో పెట్టి చూద్దాం. అందుకు ఈ కొండల్లోనే బతికిన ఒక బడిపంతులు గుర్తొస్తున్నారు. ఆయన మన విశ్వాసానికి చెందినవాడు కాడు. దేవుడు వాడుకున్న పారసీక రాజు కోరెషు కూడా ఇశ్రాయేలీయుడు కాడు. దేవుడు తన పనికి ఎవరిని వాడుకోవాలో మన సంఘం రిజిస్టరు చూసి తేల్చుకోడు.

మన తూర్పు కనుమలే ఈశాన్యంగా సాగి పర్లాకిమిడి దగ్గర సవరల కొండలవుతాయి. ఆ ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది. గిడుగు వెంకట రామమూర్తి 1880లో నెలకు ముప్పై రూపాయల జీతం మీద అక్కడి రాజావారి బడిలో చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడిగా చేరారు. అప్పటికి ఆయన వయసు పదిహేడు. తండ్రి చిన్నప్పుడే పోయారు, చదువు మెట్రిక్యులేషను దగ్గర ఆగింది. మిగతా పరీక్షలు ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా కట్టి గట్టెక్కారు. మూడు దశాబ్దాలు పాఠాలు చెప్పి 1911లో పదవీ విరమణ చేశారు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం మనందరికీ తెలుసు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆ పోరాటానికి ముందే ఆయన సవర పిల్లల కోసం ఒక పని మొదలుపెట్టారు. మన పాఠానికి కావలసింది అది.

పర్లాకిమిడి చుట్టుపక్కల అడవుల్లో సవరలు ఉండేవారు. వాళ్ల పిల్లలకు బడి లేదు, వాళ్ల భాషలో అక్షరం లేదు. రామమూర్తి పంతులు తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. ఆ రోజుల్లో అగ్రహారపు ఆచారాల నడుమ పెరిగిన ఇంటికి అది చిన్న విషయం కాదు. పగలు బడి, బడి అయ్యాక ఈ పాఠం. సెలవుల్లో కొండలెక్కి సవర పల్లెలకు వెళ్లడం, వాళ్ల మాటలూ పాటలూ కథలూ విని రాసుకోవడం. ఇలా ఏళ్లు గడిచాయి. ఆ తర్వాతే సవర భాషలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టారు, ఆ బడుల్లో చెప్పే పంతుళ్లకు జీతాలు తనే ఇచ్చారు, పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు.

ఒక్క క్షణం ఆగి ఈ లెక్క చూడండి. తను అందుకునేదే బడిపంతులి జీతం. అందులోంచి ఇంకో పంతులికి జీతం.

అడవుల్లో తిరిగినందుకు ఆయనకు మలేరియా అంటుకుంది. క్వినైను వాడి వాడి వినికిడి పోయింది. భాషను చెవితో పట్టుకున్న మనిషికి చెవే పోవడం ఎంత కష్టమో, యోబు గ్రంథం చదివినవాళ్లు ఊహించగలరు. అయినా పని ఆగలేదు. మద్రాసు ప్రభుత్వం ఆయన కృషిని మెచ్చి పారితోషికం ఇవ్వబోతే తనకు వద్దన్నారు; ఆ డబ్బుతో సవరలకు మంచి బడి పెట్టి, వాళ్ల భాషలోనే చదువు చెప్పించమన్నారు. ఆయన రాసిన సవర భాషా వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లిషు నిఘంటువు 1938లో మద్రాసులో అచ్చయ్యాయి. రెండోది వచ్చేనాటికి ఆయనకు డెబ్బై ఐదేళ్లు. 1940 జనవరిలో కన్నుమూశారు. కొడుకు సీతాపతి కూడా సవర భాష మీద పనిచేశారు, పిల్లల కోసం గేయాలు రాశారు. పండితుల కోసం తయారైన లావుపాటి నిఘంటువుకు మొదలు ఎక్కడుందో చూడండి: చిన్నపిల్లల వాచకంలో ఉంది.

పంతులుగారికి ఉద్యోగం అడ్డు అయ్యిందా? టైము తినేసింది, నిజమే. కానీ ఆ ముప్పై ఏళ్ల జీతమే ఆయనకు ‘నాకొద్దు’ అని ప్రభుత్వంతో అనగలిగే స్వేచ్ఛ ఇచ్చింది. రేపటి బియ్యం ఆ పారితోషికం మీద ఆధారపడి ఉంటే ఆ మాట నోట రావడం కష్టం. పౌలు కొరింథీయులకు రాస్తూ తన సువార్త వాళ్లకు ఖర్చు కాలేదని అంత గట్టిగా అనగలిగింది కూడా డేరాల వల్లే. మన తోటల్లో కాఫీ మొక్కకు సిల్వర్ ఓక్ నీడ కావాలి; ఎండ తగలనివ్వడం లేదని ఆ చెట్టును నరుక్కునే రైతును నేను చూడలేదు. మీ పుస్తకానికి మీ ఉద్యోగం అలాంటి నీడ. అమ్ముడుపోతుందా లేదా అన్న భయంతో కథను వంకర తిప్పాల్సిన అవసరం మీకు లేదు. దయ్యాన్నో హీరోనో తెచ్చి ఇరికించనక్కర్లేదు. కొండలో పుట్టిన కథను కొండలాగే ఉంచవచ్చు.

ఆ మాటకొస్తే సొంత ఖర్చుతో అచ్చు వేసుకోవడం తక్కువ పని కాదు. బియాట్రిక్స్ పాటర్ అనే ఇంగ్లండు ఆవిడ 1893లో జబ్బుపడ్డ ఒక చిన్నపిల్లవాడికి బొమ్మలతో ఉత్తరం రాసింది. తర్వాత దాన్నే పుస్తకంగా చేస్తే ప్రచురణకర్తలు తీసుకోలేదు. పిల్లల చేతుల్లో ఇమిడే చిన్న పుస్తకం, చౌక పుస్తకం కావాలని ఆవిడ పట్టు. 1901 డిసెంబరులో సొంత డబ్బుతో 250 కాపీలు వేయించుకుంది. మరుసటి ఏడాదే ఒక ప్రచురణ సంస్థ ముందుకొచ్చింది. పీటర్ అనే ఆ కుందేలు కథ ఈనాటికీ ప్రపంచమంతా చదువుతోంది. అందరికీ ఇలా జరుగుతుందని చెప్పడం లేదు, జరగదు కూడా. ఆవిడ మొదట రాసింది ఒక్క పిల్లవాడి కోసం. అది మాత్రం ఎవరైనా చేయగలరు.

ఇక ఖర్చు మాట. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పింది శిష్యత్వం గురించే అయినా, అచ్చాఫీసు గడప తొక్కబోయేవాడికీ ఆ మాట పనికొస్తుంది. పదహారు పేజీల సెంటర్ పిన్ పుస్తకం మొదటి ప్రయత్నానికి చాలు. కాపీలు తక్కువైతే డిజిటల్, ఎక్కువైతే ఆఫ్‌సెట్. వెయ్యి వేస్తే ఒక్కో కాపీ చౌకగా పడుతుందని అచ్చాఫీసువాళ్లు అంటారు, అది నిజమే. మిగిలిపోయిన కట్టలు మంచం కింద వానాకాలం చెమ్మకు బూజు పడతాయన్నదీ అంతే నిజం. ఐఎస్‌బీఎన్ సంఖ్యకు డబ్బు కట్టనక్కర్లేదు. రాజా రామ్మోహన్ రాయ్ పేరున ఉన్న జాతీయ ఏజెన్సీ సొంతంగా వేసుకునేవారికి కూడా ఉచితంగా ఇస్తుంది. పిల్లల బొమ్మల పుస్తకాల మీద జీఎస్టీ లేదు. అచ్చయ్యాక 1954 నాటి చట్టం ప్రకారం కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మరికొన్ని గ్రంథాలయాలకూ ఒక్కో కాపీ పంపాలి. ప్రభుత్వ ఉద్యోగులైతే ప్రవర్తన నియమాలు ఒకసారి చూసుకుని, పై అధికారికి ముందే చెప్పడం మంచిది. అప్పు మాత్రం చేయకండి. చిట్టీ పాడి, నగ కుదువ పెట్టి వేసే పుస్తకం రాసినవాడికి నిద్ర లేకుండా చేస్తుంది. పిల్లల కథకు ఆ భారం తగదు.

అచ్చయ్యేదాకా ఒక ఎత్తు. పుస్తకం చేతికొచ్చాక అందరి దగ్గరకూ తీసుకువెళ్లాలి. అక్కడే భక్తిగలవాళ్ల కాళ్లకు బంధాలు పడతాయి. ‘సొంత డబ్బా కొట్టుకోవడం మనకు తగునా?’

కొండమీది ప్రసంగంలో ప్రభువు రెండు మాటలు దగ్గర దగ్గరగానే చెప్పాడు. దీపం వెలిగించి కుంచం కింద పెట్టేవారుండరు, దీపస్తంభం మీద పెడతారు అన్నాడు. కొంతసేపటికే, ధర్మం చేసేటప్పుడు ముందు బూర ఊదించుకోవద్దన్నాడు. ఈ రెంటిలో ఏదో ఒకటి పట్టుకుని రెండోదాన్ని వదిలేయడం మనకు అలవాటు. సిగ్గరి కుంచం కింద దాక్కుని దాన్నే వినయం అనుకుంటాడు. దూకుడుగలవాడు బూర ఊది దాన్నే సాక్ష్యం అంటాడు. దీపం వెలిగితే ఇంట్లోవాళ్లకు ఇల్లు కనపడుతుంది. బూర మోగితే వీధిలోవాళ్లు ఊదినవాడి వైపు తిరుగుతారు. పుస్తకం గురించి మనం మాట్లాడాక అవతలివాళ్లకు ఏం కనపడుతోంది? పిల్లవాడు పేజీ తిప్పి ఎలుగుబంటిని చూసి కేరింత కొడితే, నిస్సంకోచంగా పది ఊళ్లు తిరగండి. ఆవిష్కరణ సభలో శాలువా కప్పించుకున్న ఫొటోలే ఊరంతా తిరుగుతుంటే, కొంచెం ఆగండి.

ఇంకో చోట కూడా ఆగాలి. దీని గురించి ఎవరూ మాట్లాడరు. మిలేతులో ఎఫెసు పెద్దలకు వీడ్కోలు చెబుతూ పౌలు, తను ఎవరి వెండినీ బంగారాన్నీ బట్టలనూ ఆశించలేదని చెప్పాడు. తన అవసరాలూ తనతో ఉన్నవాళ్ల అవసరాలూ ఈ చేతులే తీర్చాయని ఆ చేతులు చూపించాడు. మనలో కొందరికి ఆఫీసులో కింద పనిచేసేవాళ్లుంటారు. సంతకం కోసం వచ్చేవాళ్లు, బిల్లు కోసం వచ్చేవాళ్లుంటారు. టేబుల్ మీద మీ పుస్తకాల కట్ట కనపడగానే అటెండరు ‘నాకు రెండు కాపీలివ్వండి సార్, పిల్లలు చదువుకుంటారు’ అంటాడు. కాంట్రాక్టరు యాభై అంటాడు. అమ్మకం జోరుగా సాగినట్టే ఉంటుంది. ఆ అటెండరు ఇంట్లో అసలు పిల్లలే లేకపోవచ్చు. అధికారం చూసి కొన్న పుస్తకం ఎవరి ఇంట్లోనూ తెరుచుకోదు. ఆఫీసు టేబుల్ మీద పుస్తకం పెట్టకపోవడమే దీనికి మందు అని నా అభిప్రాయం. ఆ అటెండరుకు నిజంగా పిల్లలుంటే ఒక కాపీ ఊరికే ఇవ్వండి. పుచ్చుకోవడంకంటే ఇవ్వడంలోనే ధన్యత ఉందని ప్రభువు చెప్పిన మాట నాలుగు సువార్తల్లో ఎక్కడా లేదు. ఇక్కడ, పౌలు తన చేతి కష్టం గురించి చెబుతున్నప్పుడే వింటాం.

కథ ఎవరి నోట విన్నారో ఆ పేరు పుస్తకంలో ఉందా? నాయనమ్మ చెప్పిన కథైతే, పక్క పల్లె ముసలాయన చెప్పిందైతే, వాళ్లను అడిగి, వాళ్ల పేరు అట్ట మీదో లోపలి పేజీలోనో వేయాలి. రోమా పత్రిక చెప్పింది పౌలే అయినా, చేత్తో రాసిన తెర్తియు తన పేరు చెప్పుకుని అందులోనే సంఘానికి వందనాలు పంపాడు. పౌలు దాన్ని కొట్టేయలేదు.

శీతాకాలంలో అద్దాల పెట్టె రైలెక్కి వచ్చే పర్యాటకులు బొర్రా దగ్గరా మ్యూజియం దగ్గరా మీ పుస్తకం కొంటారు. కొననివ్వండి, తప్పులేదు. అయితే ఆ కథ పుట్టిన పల్లెలో పిల్లవాడి చేతికి అది అందకుండా, విశాఖపట్నం షోకేసులో గిరిజన కథగా నిలబడిపోతే మనం కొంత పోగొట్టుకున్నట్టే. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా, కొండ భాష మాట్లాడే పిల్లవాడు బడికొచ్చి ఒక్కసారిగా పుస్తకం తెలుగు ముందు నిలబడతాడు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఇలాంటి ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారుచేసి బడుల్లో మొదలుపెట్టారు. గిడుగువారు వందేళ్ల ముందు నడిచిన దారే అది. సంఘంలో అర్థంకాని భాషలో పదివేల మాటలకంటే అర్థమయ్యే ఐదు మాటలు మేలని పౌలు రాశాడు. ఆయన పిల్లల పుస్తకాల గురించి అనలేదని నాకూ తెలుసు. అయినా మీ పుస్తకంలో తెలుగు వాక్యం కింద ఆ పల్లె మాట ఒక వరుస చేర్చగలరేమో చూడండి. ఆ మాట వచ్చిన టీచరమ్మతో దిద్దించండి. అచ్చుకు ముందే పిల్లల మధ్య కూర్చుని బిగ్గరగా చదవండి. ఎక్కడ వాళ్ల చూపు కిటికీ వైపు పోయిందో అక్కడ కత్తిరించండి. ఇంతకంటే నిజాయితీగల ప్రూఫ్‌రీడర్లు విజయవాడలో కూడా దొరకరు.

పుస్తకాన్ని తీసుకువెళ్లడానికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. వారపు సంతలో అడ్డాకుల కట్టల పక్కన ఓ గోనెపట్టా పరిచి కూర్చుని, అడిగిన పిల్లలకల్లా కథ చదివి వినిపించవచ్చు. ఆదివారం బడి ఉంది, అంగన్‌వాడీ ఉంది. హెడ్మాస్టరు ఒప్పుకుంటే శనివారం ఒక పీరియడు ఉంది. డిసెంబరులో హైదరాబాదు, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలకు సెలవు దొరికితే వెళ్లండి, లేదంటే అక్కడ స్టాలు పెట్టే స్నేహితుల చేత పంపండి. రోజూ ఏదో ఒకటి చేయాలని మాత్రం అనుకోకండి. విశ్రాంతిదినాన్ని అమ్మకాల దినంగా మార్చుకుంటే ముందు ఇంట్లోవాళ్లు అలిసిపోతారు. రాత్రి పదకొండింటిదాకా ఫోనులో పుస్తకం ఎంత పోయిందో చూసుకుంటున్న తండ్రి పక్కన కథ వినకుండానే నిద్రపోయిన సొంత బిడ్డ ఉంటే, ఆ పిల్లల పుస్తకం ఎవరి కోసం? మార్కు సువార్తలో విత్తనం చల్లినవాడు రాత్రి పడుకుంటాడు, పగలు లేస్తాడు. అది ఎలా మొలిచిందో అతనికే తెలియదు. ప్రభువు ఆ రైతు నిద్రను తప్పుపట్టలేదు.

ప్రార్థన

తండ్రీ, నాకిచ్చిన ఉద్యోగానికి స్తోత్రం. దాన్ని శాపంగా మాట్లాడిన సాయంత్రాలను క్షమించు. నెలాఖరున మిగిలే కొద్దిపాటి డబ్బులో ఈ పుస్తకానికి ఎంత తీయాలో, ఇంటికి ఎంత ఉంచాలో నాకు తెలివినివ్వు. అధికారం చూపి అమ్మకుండా, సిగ్గుపడి దాచకుండా నన్ను కాపాడు. కథ చెప్పిన పెద్దవాళ్లను, బొమ్మలు వేసిన చేతులను, పక్క గదిలో నాకోసం ఎదురుచూస్తున్న నా పిల్లలను మరిచిపోనివ్వకు. ఈ కొండ పల్లెల్లో అక్షరం నేర్చుకుంటున్న ప్రతి బిడ్డకూ తన మాటలో ఒక పుస్తకం దొరికేలా చూడు. అది నాది కాకపోయినా సరే. రేపు పొద్దున్న మొదటి బస్సుకు డ్యూటీకి వెళ్లాలి, ఆ పనినీ నీ పేరున బాగా చేయనివ్వు. యేసు నామమున అడుగుచున్నాను, ఆమెన్.